సుగుణత్తయ్య చెప్పిన ‘షన్’

అమ్మ పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన, మా పాత చర్చి సంఘస్థుడు, కాఫీ గ్లాసు కింద పెట్టి, మీ అమ్మగారు దేనికీ బెదిరే మనిషి కాదమ్మా అన్నాడు. దుఃఖంలో ఉన్నా నాకు లోపల నవ్వొచ్చింది. మా అమ్మ బెదరని వస్తువు భూమ్మీద లేదు. పాలు ఒకసారి పొంగితే చాలదు, దించి మళ్ళీ పొంగించేది. బజారు నుంచి వచ్చిన కూరగాయలు ఉప్పునీళ్ళలో మునిగి, గుడ్డ మీద ఆరి, అప్పుడు కత్తిపీట దగ్గరకు చేరేవి. మాలో ఎవరు దగ్గినా చేస్తున్న పని ఆపేసి, ఇంకో దగ్గు వస్తుందేమోనని చెవి ఒగ్గి నిలబడేది. చేతిలో గరిటె అలాగే ఉండేది. ఆ పెద్దాయన ఏ రోజును తలుచుకుని ఆ మాట అన్నాడో నాకు తెలుసు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన చూసింది గుడిలో జరిగిన కాసేపటి సంగతి. దానికి ముందూ వెనకా ఇంట్లో ఏం జరిగిందో ఆయనకు తెలియదు. అది చెప్పాలంటే మా మేనత్త సుగుణ గురించి, ఆవిడ మాకు నేర్పిన ఒక ఇంగ్లీషు మాట గురించి చెప్పాలి.

అప్పట్లో మేం పద్మారావు నగర్‌లో అందాలమ్మ గారింట్లో అద్దెకుండేవాళ్ళం. ముందు వసారా, దాని వెనక రెండు గదులు, వంటిల్లు, పెరట్లో ఇంటివాళ్ళకూ మాకూ కలిపి ఒక నల్లా. నాన్న రైల్వేలో గూడ్సు క్లర్కు. గుంటూరు దగ్గర్నుంచి ఉద్యోగం కోసం సికింద్రాబాదు వచ్చి, ఇక్కడే స్థిరపడిపోయాడు. తెల్లవారుజామున నీళ్ళు వచ్చే శబ్దం, బొగ్గుల కుంపటి విసిరే శబ్దం, దూరంగా యార్డులో ఇంజను పెట్టెల్ని వెనక్కీ ముందుకీ తోసే శబ్దం కలిసిపోయి వినపడేవి. పెట్టెకు పెట్టె తగిలి ఆ చప్పుడు వరసగా పోతుంటే, నాన్న పడుకునే, అదిగో షంటింగ్ మొదలైంది, లేవండర్రా అనేవాడు. ఉదయం ప్రార్థన కుంపటి రాజుకునేలోపు అయిపోవాలి. అమ్మ కళ్ళు మూసుకునే ఒక చేత్తో కుంపటి విసురుతూ ఉండేది. ప్రార్థనలో ఆవిడ అడిగేది ఎప్పుడూ ఒకటే. పిల్లల్ని తెగుళ్ళ నుంచి కాపాడు తండ్రీ.

ఆ ప్రార్థన వెనక ఒక కథ ఉంది. అమ్మ పెళ్ళికి ముందే ఆవిడ చెల్లెలు రజని క్షయతో పోయింది. ఆ తరవాత కొద్దిరోజులకే తమ్ముడు. ఆ పరుపులూ దిండ్లూ ఊరి బయట తగలబెట్టడం, గోడలకు సున్నం కొట్టించడం అమ్మ చూసింది. ఈ సంగతి ఆవిడ మాకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. ఆ జబ్బు పేరు కూడా నోటితో అనేది కాదు. చెప్పాల్సి వస్తే ‘ఆ దగ్గు’ అనేది.

అలాంటి ఇంటికి సుగుణత్తయ్య వచ్చింది. ఆవిడ నాన్నకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. సికింద్రాబాదులోనే ఒక ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేది. పొడుగ్గా, సన్నగా, గంజి పెట్టిన తెల్లచీరలో నడిచి వస్తుంటే మేం కూడా తెలియకుండానే వీపు నిటారు చేసుకునేవాళ్ళం. ఒకనాడు పాఠం మధ్యలో నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు మీద నెత్తురు పడింది. కొండమీది శానిటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో, చాలాకాలం ఉంది. సూదులు పొడిచారు, మందులిచ్చారు, చివరికి కఫంలో ఏమీ లేదు, పూర్తిగా నయమైంది, వెళ్ళిపోవచ్చన్నారు. బడివాళ్ళు మాత్రం ఆవిడ స్థానంలో వేరే ఆవిడ వచ్చిందని, ఖాళీ అయితే కబురు చేస్తామని చెప్పి పంపేశారు. ఆ కబురు రాలేదు. నాన్న వెళ్ళి ఆవిడ ట్రంకు పెట్టె రిక్షాలో పెట్టించుకుని మా ఇంటికి తీసుకొచ్చాడు.

అమ్మ ఎదురెళ్ళి, రండి వదినా అంది. చెయ్యి పట్టుకోలేదు. వసారాలో ఒక పక్క తడికె కట్టి అత్తయ్యకు మంచం వేశారు. కొండమీద గాలి అలవాటైందని ఆవిడే అడిగిందని నాన్న మాతో అన్నాడు గానీ, అడక్కముందే తడికె తెచ్చి పెట్టారన్నది మేం చూశాం. నన్నూ తమ్ముణ్ణీ లోపలి గదిలోకి మార్చారు. అత్తయ్యకు కంచం, గ్లాసు వేరు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. ఆవిడ తిన్నాక తన కంచం తనే తీసుకెళ్ళి నల్లా దగ్గర కడుక్కుని, ఎండలో బోర్లించేది. వంటింటి గడప దాటి లోపలికి అడుగు పెట్టేది కాదు. ఏదన్నా కావలిస్తే గడప ఇవతల నిలబడి, ‘కరుణా’ అని పిలిచేది. ఆ పిలుపుకు అమ్మ భుజాలు ఒక్కసారి బిగుసుకోవడం నేను వెనకనుంచి చూసేదాన్ని. ఇంట్లో గొడవ లేదు, గట్టిమాట లేదు. అయినా చీపురుపుల్ల కింద పడ్డా ఉలిక్కిపడేట్టుండేది ఆ ఇల్లు.

ఊరికే కూర్చోలేని మనిషి కాబట్టి అత్తయ్య సాయంత్రాలు వసారాలో ట్యూషను మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఆడపిల్లలు కొందరు వచ్చేవాళ్ళు. నేనూ చివర కూర్చునేదాన్ని. వాళ్ళలో విజయ అనే అమ్మాయి నాకు బాగా స్నేహం. వాళ్ళదీ కోస్తా వైపే, వాళ్ళ నాన్నకు రాంగోపాల్‌పేట్‌లో బట్టల కొట్టు ఉండేది. అత్తయ్య దగ్గర సుద్దముక్క వాసన, తలనొప్పి మందు వాసన కలిపి వచ్చేవి. మాటల అర్థాలు బట్టీ పట్టనిచ్చేది కాదు. మాట ఎక్కడ పుట్టిందో, ఎవరి నోళ్ళలో నలిగి ఇక్కడిదాకా వచ్చిందో తెలిస్తే గానీ అది మీది కాదు అనేది. అందుకోసం ఆవిడ ట్రంకులో ఇటుకంత లావు నిఘంటువు ఒకటి ఉండేది.

ఒక సాయంత్రం విజయ తన వాచకంలో చెడు సావాసాన్ని ‘షన్’ చెయ్యమని రాసిన వాక్యం దగ్గర ఆగి, ఇది డ్రిల్లు మాస్టారు అరిచే షన్నేనా టీచర్ అని అడిగింది. మా డ్రిల్లు మాస్టారు పటాలంలో పనిచేసి దిగినవాడు, బొల్లారం నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ‘అటెన్షన్’ అనే మాటలో ముందు సగం ఆయన మీసాల్లోనే ఉండిపోయేది. మాకు వినపడేది చివరి ‘షన్’ ఒక్కటే. అత్తయ్య చాలా రోజుల తరవాత గట్టిగా నవ్వింది. నవ్వితే దగ్గు వస్తుందేమోనని కాబోలు, వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. దగ్గు రాలేదు.

మీ మాస్టారిది తోకముక్క, అది వింటే మనిషి కదలకుండా నిలబడతాడు, ఇది వింటే మనిషి దూరం జరుగుతాడు అని చెప్పింది అత్తయ్య. తరవాత ఒక్కొక్కటే విడదీసి చెప్పింది. వానాకాలం దారిలో గుంట ఉంటే తప్పుకుని నడుస్తాం, అది అవాయిడ్. గుంట మీద మనకేమీ ఉండదు, రేపు ఎండిపోతే దాని మీదనుంచే నడుస్తాం. ఒకాయన సారా మానేశాడనుకోండి, అది మంచిది కాదని తెలిసి తనంతట తను విడిచిపెట్టాడు, అది ఎస్చూ. ఆ మాట ఎక్కువగా అలవాట్లకూ పనులకూ వాడతారు. అదే సారా ఇంకా తాగే మనిషి ఎదురొస్తే తెలిసి తెలిసి, ఒకసారి కాదు, వచ్చిన ప్రతిసారీ, మొహం తిప్పుకుని వెళ్ళిపోవడం షన్. వాచకంలో వాక్యం తప్పేమీ కాదు, చెడ్డదాన్నీ షన్ చేస్తారు. కానీ ఆ మాట పూర్తి బరువు తెలిసేది మనుషుల మీద వాడినప్పుడే.

తరవాత నిఘంటువు తెప్పించింది. ఇది చాలా పాత మాట, ఇంగ్లీషువాళ్ళు ఇంకా సరిగ్గా ఇంగ్లీషువాళ్ళు కానప్పటిది అంది. మొదట్లో దీని అర్థం దూరం పెట్టడం కాదట. ఏవగించుకోవడం, భయపడి వెనక్కి తగ్గడం. మన తెలుగులో జంకడం అంటామే, దానికి దగ్గర. అంతకుముందు ఎక్కడిదో పండితులకూ తెలియదు. ఇంతలో యార్డు వైపు నుంచి పెట్టెల చప్పుడు వచ్చింది. అత్తయ్య అటు చెయ్యి చూపించి, పెట్టెను పక్క పట్టాల మీదకు తోసెయ్యడాన్ని షంటింగ్ అంటారు చూడండి, ఆ షంట్ కూడా దీని కడుపున పుట్టిందేనేమోనని కొందరి ఊహ అని చెప్పింది. మేమందరం నవ్వాం. అమ్మ తలుపు పక్కన నిలబడి వింటోందని నాకు తెలుసు. మా అమ్మ ఇంగ్లీషు పెద్దగా చదువుకోలేదు గానీ, అత్తయ్య పాఠం చెప్పేటప్పుడు ఏ పనీ లేకపోయినా ఆ తలుపు దగ్గరకు వచ్చేది.

ఆ తరవాత ఎలా తెలిసిందో తెలిసింది. అత్తయ్య ఇన్నాళ్ళూ ఏ ఆసుపత్రిలో ఉందో ఎవరో ఎవరికో చెప్పారు. ముందు ఎదురింటి పిల్ల జలుబని ట్యూషను మానేసింది. తరవాత ఇద్దరు అక్కచెల్లెళ్ళకు ఇంట్లో పని పడింది. విజయ వాళ్ళమ్మ మాత్రం స్వయంగా వచ్చింది. పళ్ళూ పూలూ తెచ్చి, గుమ్మంలోనే నిలబడి, దసరా సెలవులయ్యాక మళ్ళీ పంపిస్తామండీ అని ఎంతో మర్యాదగా చెప్పింది. సెలవులకు ఇంకా చాలా రోజులున్నాయి. అత్తయ్య అలాగేనండి అంది. సాయంత్రం అయ్యేసరికి ఎప్పటిలాగే వసారా ఊడ్చి, చాప పరిచి, సుద్దముక్క పక్కన పెట్టుకుని కూర్చునేది. నేనొక్కదాన్నే వెళ్ళి ఎదురుగా కూర్చునేదాన్ని. ఆవిడ నాకొక్కదానికే, వసారా నిండా పిల్లలున్నట్టు, గొంతు పెంచి చెప్పేది. అది వినలేక అమ్మ పెరట్లోకి వెళ్ళిపోయేది.

ఇంటి యజమానురాలు అందాలమ్మ చెడ్డ మనిషి కాదు. బోనాలప్పుడు మాకు బెల్లం పెట్టేది, క్రిస్మసుకు మా ఇంటి కేకు అడిగి మరీ తీసుకెళ్ళేది. ఆవిడ ఒకరోజు నల్లా దగ్గర అమ్మను ఆపింది. చెప్పడం ఇష్టం లేక చాలాసేపు బిందె అంచు రుద్దుతూ ఉండిపోయింది.

“కరుణమ్మా, మీ ఆడిబిడ్డకి గా బీమారి అయిందంట గదా. నాకైతే ఏం పరేషాన్ లేదు. గీ నల్లా కాడికి వచ్చెటోళ్ళంత నన్నే అడుగుతున్నరు. మా చిన్నకోడలు సుత కడుపుతోని ఉన్నది. ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు.”

నయమైందనే పంపారండీ అని అమ్మ చెప్పింది. అందాలమ్మ తల ఊపి, “నయమైంది, నేను గాదంటలేను. నీకు ధైర్యమున్నదా మరి? నీ పిల్లలను ఆమె దగ్గర పండవెడ్తవా?” అంది. అమ్మ నిండని బిందెనే చంకనెత్తుకుని లోపలికి వచ్చేసింది. ఆ పూట అన్నం అడుగంటింది. మా అమ్మ చేతిలో అన్నం అడుగంటడం నాకు తెలిసి అదే.

గుడి సంగతి దాని వెంటే వచ్చింది. మా చర్చిలో నెలనెలా ప్రభు భోజన సంస్కారం ఇచ్చేవారు. ప్రభువు బల్ల ముందు వరసగా మోకరిస్తే అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ముందు రొట్టె ముక్క, తరవాత ద్రాక్షరసం ఇస్తూ వచ్చేవాడు. అందరికీ ఒకటే గిన్నె. ఒకరు తాగాక అంచు గుడ్డతో తుడిచి, కాస్త తిప్పి, పక్కవాళ్ళ పెదవులకు అందించేవాడు. అత్తయ్య వచ్చిన కొత్తలో సంస్కారపు ఆదివారం నాడు ఆవిడకు ఒంట్లో నలతగా ఉండి వెళ్ళలేదు. ఈ నెల వెళ్తానంది. ఎవరో సంఘపెద్ద నాన్నను దారిలో కలిసి, మీ అక్కగారు ఈసారికి ఆగితే అందరికీ బాగుంటుందని, లేదా అందరూ అయిపోయాక చివర్న తీసుకుంటే ఏ ఇబ్బందీ ఉండదని చెప్పాడట. నాన్న అయ్యగారి దగ్గరకు వెళ్ళాడు. ఆయన నేనెవరినీ ఆపను, కానీ వెనక వచ్చేవాళ్ళను రమ్మని బలవంతపెట్టలేను అన్నాడట.

రాత్రి భోజనాల దగ్గర నాన్న కంచంలోకి చూస్తూ చెప్పాడు. ఈ నెలకు మానుకుందామక్కా, గొడవ సద్దుమణిగాక చూద్దాం అన్నాడు. అత్తయ్య వసారాలో తన పీట మీద కూర్చుని తింటోంది. మధ్యలో తలుపు తెరిచే ఉంది. 

“మానుకోమంటున్నది వాళ్ళా, నువ్వా?” అని అడిగింది.

నాన్న మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

“నాకు జబ్బుంటే నేనే వెళ్ళనురా తమ్ముడూ. నా తరవాత తాగేవాళ్ళ ప్రాణం నాకు మాత్రం ప్రాణం కాదా? లేదని డాక్టర్లు చెప్పాక కూడా మానుకుంటే, ఉందని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. చివర్న కూడా వెళ్ళను. నేను కూర్చున్న వరస ఎప్పుడు లేస్తే అప్పుడు లేస్తాను.”

అంతటితో ఆ రాత్రి మాటలు అయిపోయాయి. నాన్న పెరుగు వేసుకోకుండానే లేచాడు. తరవాతి రోజుల్లో ఇంట్లో అందరం ఒకరి పక్కనుంచి ఒకరం తగలకుండా తిరిగాం. తమ్ముడు చిన్నవాడు, వాడికేం తెలియక అత్తయ్య మంచం ఎక్కబోతే అమ్మ పరుగున వచ్చి వాణ్ణి ఎత్తుకుపోయింది. ఎత్తుకుపోతున్నప్పుడు అమ్మా అత్తయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మే ముందు తల దించుకుంది.

శనివారం మధ్యాహ్నం అమ్మ మర్నాటి కూరకు మసాలా నూరుతోంది. ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుందని ముందురోజే నూరిపెట్టుకునేది. ఎండుమిరపకాయలు, ధనియాలు, దాల్చినచెక్క వాసన ఇల్లంతా నిండి ఉంది. నేను గుమ్మం పక్కన కూర్చుని ఉల్లిపాయలు వలుస్తున్నాను. అత్తయ్య వచ్చి గడప ఇవతల నిలబడింది. రేపు మొదటి వరసలో కూర్చుని నాకంటే ముందే సంస్కారం తీసుకుని వచ్చెయ్ కరుణా, అప్పుడు నీకే ఇబ్బందీ ఉండదు అంది. మామూలుగా, బజారు నుంచి ఏం తేవాలో చెప్పినట్టు చెప్పింది.

రాయి ఆగిపోయింది. అమ్మ రెండు చేతులూ ఎర్రగా మసాలాతోనే ఉన్నాయి. కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేక మోచేత్తో మొహం అద్దుకుంది.

“మా రజనికి అన్నం నేనే తినిపించేదాన్ని వదినా. అది మిగిల్చిన ముద్ద పారెయ్యబుద్ధి కాక నేనే తినేదాన్ని. నాకేం కాలేదు. మా తమ్ముడు దాని గదిలోకి అడుగుపెట్టేవాడే కాదు, వాడికొచ్చింది. నేనే మోసుకెళ్ళి వాడికిచ్చానేమోనని... ఇప్పటికీ పిల్లలకు ముద్ద పెట్టేముందు చెయ్యి మళ్ళీ మళ్ళీ కడుక్కుంటాను. మీరంటే అసహ్యం కాదు వదినా. దేవుడి తోడు, అసహ్యం కాదు.”

ఈ మాటలు నాన్నకు కూడా తెలియవని ఆ తరవాత ఎన్నో ఏళ్ళకు గానీ నాకు అర్థం కాలేదు. అత్తయ్య ద్వారబంధానికి చెయ్యి ఆనించింది.

“తెలుసు. పిల్లలకు ఆవేళ చెప్పానే ఆ మాట, దాని మొదట్లో భయం ఉందని. నిఘంటువు చూడక ముందే నాకది తెలుసు కరుణా, ఈ ఇంట్లో నీ మొహం చూస్తే తెలిసింది. అందుకే నీ మీద కోపం లేదు. కోపం లేదంటే బాధ లేదని కాదు.”

ఆ తరవాత చెప్పింది, తను వెళ్ళిపోతున్నానని. బొల్లారంలో పాత స్నేహితురాలు చిన్న బడి పెట్టిందట, పాఠం చెప్పడానికి మనిషి కావాలట, వెనక ఒక గది కూడా ఉందట. వచ్చే వారమే ప్రయాణం. రేపొక్కరోజు అందరిలాగా గుడికి వెళ్ళి అందరిలాగా తిరిగి వస్తే చాలు అంది. అమ్మ వెళ్ళొద్దనలేదు. అనాలనుకుందని నాకు తెలుసు. పెదవులు కదిలాయి.  అత్తయ్య అది కూడా తెలిసినట్టే వెనక్కి తిరిగింది.

మర్నాడు గుడిలో ఆడవాళ్ళ వైపు మేం ముందు కూర్చున్నాం. అత్తయ్య మాకు కొన్ని వరసల వెనక, బెంచీ చివర, ఒక్కతే. ఆ బెంచీలో మిగతా చోటంతా ఖాళీ. మామూలుగా ఆలస్యంగా వచ్చినవాళ్ళకు నిలబడటానికి కూడా చోటుండని గుడి అది. నాన్న మగవాళ్ళ వైపు నుంచి మాటిమాటికీ ఇటు చూస్తున్నాడు. ప్రసంగంలో ఒక్క ముక్క నాకు గుర్తులేదు. ఫ్యాను ఒకటి తిరిగినప్పుడల్లా కీచుమనేది, అది గుర్తుంది. సంస్కారం మొదలైంది. మొదటి వరస లేచింది. అమ్మ లేవలేదు. పక్కావిడ మోకాలితో తట్టినా లేవలేదు. ఒళ్ళో తమ్ముణ్ణి గట్టిగా పట్టుకుని, కళ్ళు నేలమీద పెట్టుకుని అలాగే కూర్చుంది. రెండో వరస వెళ్ళింది, వచ్చింది. చివరికి అత్తయ్య వరస వంతు వచ్చింది. ఆవిడ లేచి, మా పక్కనుంచి నడిచి వెళ్ళింది. గంజి చీర చప్పుడు వినిపించింది. అమ్మ తమ్ముణ్ణి నా ఒళ్ళోకి తోసి లేచి ఆవిడ వెనకే వెళ్ళింది.

వెళ్ళి అత్తయ్యకు ఎడమ పక్కన మోకరించింది. అయ్యగారు వచ్చేది ఎడమ నుంచే కాబట్టి గిన్నె ముందు అమ్మకే వస్తుంది. అక్కడికి అత్తయ్య చెప్పినట్టే. కుడివైపున ఇంకా చాలామందికి చోటుంది. వెనక నుంచి వస్తున్న ఆడవాళ్ళు నడవలో ఆగిపోయారు. ఒకావిడ కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. ఒకావిడ ఏడవని బిడ్డను జోకొడుతోంది. ఎవరూ వెనక్కి వెళ్ళలేదు, ఎవరూ ముందుకు రాలేదు. అయ్యగారు రొట్టె ఇస్తూ వచ్చి, అత్తయ్య చేతిలో పెట్టాక ఆగాడు. పక్కన ఎవరూ లేరు. ఒక్కక్షణం నిలబడి, గిన్నె తేవడానికి బల్ల వైపు తిరిగాడు.

అప్పుడు అమ్మ లేచింది. మోకరించాక మధ్యలో లేవడం మా గుడిలో ఎవరూ చెయ్యని పని. లేచి, అత్తయ్య వెనకగా నడిచి, కుడివైపు ఆ ఖాళీలో మోకరించింది. భుజం భుజానికి ఆనేంత దగ్గరగా. అయ్యగారు గిన్నెతో తిరిగి చూసి, ఏమీ అనకుండా మొదలుపెట్టాడు. అత్తయ్య తాగింది. ఆయన అంచు తుడిచి, తిప్పి, అమ్మకు అందించాడు. అమ్మ రెండు చేతులతో పట్టుకుంది. పళ్ళకు గిన్నె తగిలి టకటకమన్న చప్పుడు మా బెంచీ దాకా వినపడింది. చీర మీద ఎర్రగా చుక్కలు పడ్డాయి. నాన్న మగవాళ్ళ వైపు లేచి నిలబడిపోయాడు. అమ్మ తాగింది. నడవలో నుంచి ఒక ముసలావిడ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి అమ్మ పక్కన కూలబడింది. ఆవిడ వెనక ఇంకా కొందరు వచ్చారు. కొందరు చీరలు సర్దుకుంటూనే తమ బెంచీలకు తిరిగి వెళ్ళిపోయారు.

ఆ పెద్దాయనకు తెలిసింది ఇంతవరకే. ఇంటికి రాగానే అమ్మ పెరట్లో నల్లా దగ్గర కూర్చుని వాంతి చేసుకుంది. వేడినీళ్ళలో ఉప్పు వేసుకుని గొంతు మండేదాకా పుక్కిలించింది. నేను వెళ్ళేసరికి అత్తయ్య చెంబుతో ఆవిడ దోసిట్లోకి నీళ్ళు పోస్తోంది. చల్లారిందా, ఇంకాస్త ఉప్పు వెయ్యనా అని అడుగుతోంది. అమ్మ ఏడుస్తూనే తల ఊపింది. వాళ్ళిద్దరినీ అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. ఆ తరవాత కూడా అమ్మ చాలా రోజులు తమ్ముణ్ణి పక్కలో పడుకోబెట్టుకోలేదు. పొద్దున్నే మా నుదుళ్ళు తడిమి చూసేది. అత్తయ్య ఉన్నన్ని రోజులూ కంచం వేరుగానే ఉంది. అమ్మ ఆ ఆదివారం మారిపోయిందని రాస్తే కథ బాగుంటుంది గానీ, అది నిజం కాదు.

అత్తయ్య చెప్పినట్టే బొల్లారం వెళ్ళిపోయింది. రిక్షా ఎక్కుతుంటే అందాలమ్మ బయటికి వచ్చి, మల్ల రావాలె అక్కా, యాది మరువకు అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అత్తయ్య తన పాత విద్యార్థినికి చెప్పినట్టు, కోడలికి పాలు బాగా ఇవ్వు అని చెప్పింది. అక్కడ ఆవిడ పటాలం పిల్లలకు ఎన్నో ఏళ్ళు ఇంగ్లీషు చెప్పింది. ఆ జబ్బు మళ్ళీ రాలేదు. మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆదివారం మధ్యాహ్నాలు మేం బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. అమ్మ కూర క్యారియరులో సర్దేది, తనూ వచ్చేది. ఆవిడ గదిలో కిటికీలన్నీ తెరిచి ఉండేవి, అమ్మ కిటికీ పక్కనే కూర్చునేది. మెల్లగా కొన్నేళ్ళకు కిటికీ దగ్గర్నుంచి మంచం మీదకు మారింది. అత్తయ్య నాన్నకంటే ఎక్కువకాలం బతికి, ముసలితనంతో పోయింది. చివరి రోజుల్లో స్నానం చేయించిందీ, తల దువ్విందీ అమ్మే.

ఇప్పుడు ఆ జబ్బుకు మాత్రలున్నాయి. మా అపార్టుమెంటులో పై అంతస్తు ఆయన నెలల తరబడి అవి మింగి నయం చేసుకున్నాడట, ఆయనే చెప్తే తెలిసింది. ఎవరూ ఆయన్ను దూరం పెట్టలేదు. దూరం పెట్టాలంటే ముందు ఆయన ఎవరో తెలియాలి కదా. నల్లాలు ఎవరింట్లో వాళ్ళకే ఉన్నాయి. ఇప్పుడు నేను వెళ్ళే గుడిలో సంస్కారానికి వేలెడంత గ్లాసులు పళ్ళెంలో పెట్టి తెస్తారు, ఎవరిది వాళ్ళు తీసుకుంటాం. శుభ్రంగా ఉంటుంది, మంచిదే. అమ్మ ప్రాణానికి ఎంతో హాయిగా ఉండేది. ఎవరి తరవాత ఎవరన్న ప్రశ్నే రాదు. ఆ ప్రశ్న రాకపోవడం వల్ల అప్పుడు పడిన బాధ లేదు. ఎవరైనా లేచి వచ్చి పక్కన మోకరించాల్సిన అవసరమూ లేదు. ఏది నయమని అడిగితే నేను చిన్న గ్లాసే నయమంటాను. అమ్మను ఆ గిన్నెతో చూసినదాన్ని కాబట్టి అంటాను.

అత్తయ్యను సమాధి చేసి వచ్చిన రోజు సాయంత్రం, ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, ఆవేళ ఎందుకు లేచావమ్మా అని అడిగాను. చాలా కాలంగా అడగాలనుకున్నది. వదిన అంటే ప్రేమ కొద్దీ అనో, దేవుడు లేపాడనో అంటుందనుకున్నాను. 

“ఏం లేదే. అయ్యగారు గిన్నె కోసం అటు తిరిగాడు. వదిన కళ్ళు మూసుకుని ఉంది. పక్కనంతా ఖాళీ. కళ్ళు తెరిస్తే చూస్తుంది కదా అని భయమేసింది.”